‘ఒంట్లో నెత్తురు లేదు’: ఒక మాట వెనుక ఉన్న చరిత్ర

మన గూడేల్లో ఎవరైనా నాలుగు అడుగులు వేసి ఆయాసపడితే, కళ్ళు తిరిగి కూలబడితే, ముఖం పాలిపోతే పెద్దవాళ్ళు అనే మాట ఒకటే: “ఒంట్లో నెత్తురు లేదు.” ఆసుపత్రికి వెళ్తే అక్కడా ఇంచుమించు అదే మాట: “రక్తం తక్కువ.” పుస్తకాల్లో దీన్ని రక్తహీనత అంటారు. మాట ఒకటే గానీ దాని వెనుక ఉన్న జబ్బులు చాలా. ఇనుము చాలక వచ్చేది ఒకటి. కడుపులో పురుగుల వల్ల వచ్చేది ఒకటి. మలేరియా వల్ల వచ్చేది, ఒక విటమిన్ లేక వచ్చేది, పుట్టుకతో తల్లిదండ్రుల నుంచి వచ్చేది ఇలా ఇంకా ఉన్నాయి. వీటిని ఒకదాని నుంచి ఒకటి విడదీసి తెలుసుకోవడానికి ప్రపంచానికి దాదాపు మూడు వందల ఏళ్ళు పట్టింది. ఆ చరిత్రలో మన దేశం ఉంది, మన తెలుగు నేల ఉంది, ఆదివాసుల నెత్తురు కూడా ఉంది. మన పిల్లలకు పాఠ్యపుస్తకంలో దొరకని ఈ చరిత్రను యువత, ఉపాధ్యాయ మిత్రులు తెలుసుకోవాలని ఈ వ్యాసం రాస్తున్నాను.

ముందుగా ఒక చిన్న విషయం. మన నెత్తురు ఎర్రగా ఉండేది హిమోగ్లోబిన్ అనే పదార్థం వల్ల. అది ఎర్ర రక్తకణాల్లో ఉంటుంది. ఊపిరితిత్తుల్లో ప్రాణవాయువును ఎక్కించుకుని ఒళ్ళంతా మోసుకుపోయేది అదే. కావడి మోసే మనుషులు తక్కువైతే ఇంటికి నీళ్ళు ఎలా చాలవో, హిమోగ్లోబిన్ తగ్గితే కండకు, మెదడుకు ప్రాణవాయువు అలా చాలదు. అందుకే అలసట, గుండెదడ, చదువు మీద ధ్యాస నిలవకపోవడం. గర్భిణికి 11 గ్రాములు, మిగతా ఆడవాళ్ళకు 12, మగవాళ్ళకు 13 గ్రాముల కంటే తగ్గితే రక్తహీనత అని లెక్క. ఈ గ్రాముల కొలత ఒక డెసిలీటరు, అంటే 100 మిల్లీలీటర్ల నెత్తురుకు.

ఇనుము కథ

ఇనుముకూ నెత్తురుకూ సంబంధం ఉందని మన దేశ వైద్యులు ఏనాడో గమనించారు. చరక సంహితలో ‘పాండు రోగం’ పేరుతో ఒళ్ళు పాలిపోయే జబ్బు గురించి ఉంది. దానికి ఇనుముతో, ఇనుప చిట్టెంతో తయారుచేసిన మందులు చెప్పారు. ఐరోపాలో 17వ శతాబ్దంలో సిడెన్‌హామ్ అనే ఇంగ్లీషు వైద్యుడు పాలిపోయిన రోగులకు ఇనుప రజను ద్రాక్షసారాలో నానబెట్టి ఇచ్చేవాడు. అది ఎందుకు పనిచేస్తుందో ఆయనకు తెలియదు. 18వ శతాబ్దం మధ్యలో ఇటలీకి చెందిన మెంఘీని నెత్తురును ఎండబెట్టి, కాల్చి, ఆ బూడిద దగ్గర అయస్కాంతం పెట్టి చూశాడు. బూడిదలోని రేణువులు అయస్కాంతానికి అంటుకున్నాయి. నెత్తురులో ఇనుము ఉందని అలా రుజువైంది. ఈ ప్రయోగం గురించి చెబితే ఏ బడిలోనైనా పిల్లలు కళ్ళు పెద్దవి చేసుకుని వింటారు.

1832లో ఫ్రాన్సులో బ్లో అనే వైద్యుడు ఇనుప లవణంతో మాత్రలు చేసి ఇవ్వడం మొదలుపెట్టాడు. ఇవాళ మన ఆశా కార్యకర్త ఇంటింటికీ తిరిగి ఇచ్చే ఐరన్ మాత్రకు ముత్తాత ఆ మాత్రే. అంటే మందు కనిపెట్టి రెండు వందల ఏళ్ళు కావస్తోంది. అయినా 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో 15-49 ఏళ్ళ ఆడవాళ్ళలో నూటికి 57 మందికి, ఐదేళ్ళలోపు పిల్లల్లో నూటికి 67 మందికి రక్తహీనత ఉంది. ఆదివాసీ ఆడవాళ్ళలో అది నూటికి 60 దాటింది. మధ్య భారతంలోని అగారియా ఆదివాసులు తరతరాలుగా కొండరాయిని కరిగించి ఇనుము తీసినవాళ్ళు. అలాంటి మన జనాల ఒంట్లోనే ఇనుము లేదని లెక్కలు చెబుతున్నాయి.

దీనికి కారణం మన తిండి చెడ్డదని కాదు, మన తిండి మన చేతుల్లోంచి పోవడం. 1882లో మద్రాసు అటవీ చట్టం వచ్చింది. పోడు మీద, వేట మీద, అడవి సరుకు మీద ఆంక్షలు పెరిగాయి. 1922-24లో మన్యంలో అల్లూరి సీతారామరాజు వెంట కొండ జనం నడవడానికి, 1940లో నిజాం పోలీసుల తూటాలకు కొమరం భీం నేలకొరగడానికి వెనుక ఉన్నది అడవి, భూమి మీద హక్కే. మనం ఆ పోరాటాలను భూమి పోరాటాలుగానే చదువుకుంటాం. అవి కంచం పోరాటాలు కూడా. పోడులో చోళ్ళు, సామలు, కొర్రలు, కందులు, చిక్కుళ్ళు కలిపి పండేవి. అడవిలో ఆకుకూరలు, వేటమాంసం, వాగులో చేపలు, పీతలు దొరికేవి. మాంసం, చేపల్లోని ఇనుము ఒంటికి తేలికగా పడుతుంది. ఆకుల్లో, గింజల్లో ఉండే ఇనుము తక్కువగా పడుతుంది. ఉసిరి, నిమ్మ లాంటి పులుపు తోడైతే అదీ బాగానే పడుతుంది. ఇప్పుడు చాలా ఇళ్ళలో పూట గడిచేది రేషన్ బియ్యం అన్నం, పలుచటి చారుతో. పైన టీ. అన్నంతో పాటు టీ తాగితే ఉన్న ఇనుము కూడా ఒంటికి పట్టదు.

పురుగు, దోమ

తిండి బాగున్నా నెత్తురు కారిపోతే లాభం లేదు. ఈ సంగతి బయటపడింది ఒక కొండను తవ్వేటప్పుడు. 1872లో స్విట్జర్లాండులో ఆల్ప్స్ కొండల కింద గొథార్డ్ రైలు సొరంగం పని మొదలైంది. వేలాది మంది ఇటలీ కూలీలు పనికి వచ్చారు. కొన్నాళ్ళకు వాళ్ళు పాలిపోయి, నీరసించి, కొందరు చనిపోయారు. సొరంగంలో గాలి మంచిది కాదని అనుకున్నారు. 1880లో పెర్రొంచీతో అనే ఇటలీ శాస్త్రవేత్త ఆ కూలీల పేగుల్లో కొంకి పురుగులు ఉన్నాయని, అవి నెత్తురు తాగుతున్నాయని చూపించాడు. సొరంగంలో మరుగుదొడ్లు లేవు. అక్కడే మలవిసర్జన, అదే బురదలో పని. ఆ పురుగు పిల్లలు మనిషి చర్మం గుండా లోపలికి దూరతాయని తర్వాత లూస్ అనే శాస్త్రవేత్త ఈజిప్టులో కనుక్కున్నాడు.

ఈ కథ మనకు బాగా తెలిసినట్టే ఉంటుంది. చెప్పులు లేని కాళ్ళు, తడి నేల, మరుగుదొడ్డి లేని గూడెం ఉన్నచోట ఇవాళ్టికీ ఆ పురుగు ఉంటుంది. 2015 ఫిబ్రవరి నుంచి మన బడుల్లో జాతీయ నులిపురుగుల నిర్మూలన దినం పేరుతో ఆల్బెండజోల్ మాత్ర ఇస్తున్నారు. చాలామంది టీచర్లు దాన్ని ఒక రిజిస్టరు పనిగా చూస్తారు. గొథార్డ్ కూలీల కథ తెలిస్తే ఆ మాత్ర విలువ వేరుగా కనిపిస్తుంది.

ఇక దోమ. 1897 ఆగస్టులో సికింద్రాబాదులో రొనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా క్రిమిని చూశాడు. మలేరియా క్రిమి ఎర్ర రక్తకణంలోకి దూరి, అక్కడే పెరిగి, కణాన్ని బద్దలు కొట్టుకుని బయటికి వస్తుంది. జ్వరం తగ్గాక కూడా మనిషి వారాల తరబడి పాలిపోయి ఉండేది అందుకే. ఏజెన్సీలో మలేరియా ఏటేటా వచ్చిన ఇళ్ళకు ఇది చెప్పనక్కర్లేదు. అయితే ఈ మలేరియాకు మన నెత్తురుతో ఇంకో పాత సంబంధం ఉంది. దాని గురించి ముందు చెబుతాను.

బొంబాయి మిల్లు ఆడవాళ్ళు, భీమవరం అబ్బాయి

1928లో లూసీ విల్స్ అనే ఇంగ్లీషు డాక్టరమ్మ బొంబాయి వచ్చింది. అక్కడ బట్టల మిల్లుల్లో పనిచేసే పేద ఆడవాళ్ళకు గర్భంతో ఉన్నప్పుడు తీవ్రమైన రక్తహీనత వచ్చి ప్రాణాలు పోతున్నాయి. ఇనుము ఇచ్చినా తగ్గని రక్తహీనత అది. వాళ్ళు ఏం తింటున్నారు, ఎక్కడ ఉంటున్నారు అని ఆమె విచారించింది. తర్వాత ఎలుకలకు, కోతులకు ఆ తిండే పెట్టి పరీక్షించింది. చివరికి ఈస్టు నుంచి తయారయ్యే మార్మైట్ అనే చవక పదార్థం తినిపిస్తే ఆ ఆడవాళ్ళు కోలుకున్నారు. నీలగిరి కొండల్లోని కూనూరులో, మద్రాసు ఆసుపత్రిలో కూడా ఆమె ఈ పని చేసింది. 1931లో ఫలితాలు అచ్చు వేసింది. ఈస్టులో ఏదో పదార్థం ఉందని తెలిసింది. అదేమిటో తెలియలేదు. పదేళ్ళ తర్వాత, 1941లో, పాలకూర ఆకుల నుంచి దాన్ని వేరుచేసి ఫోలిక్ ఆసిడ్ అని పేరు పెట్టారు. ఆకు అనే అర్థం ఉన్న లాటిన్ మాట నుంచి ఆ పేరు వచ్చింది.

టన్నుల కొద్దీ ఆకులు పిండితే దొరికేది చిటికెడు. పేదలకు అందాలంటే దాన్ని ప్రయోగశాలలో తయారు చేయాలి. ఆ పని చేసిన బృందానికి నాయకుడు మన తెలుగువాడు, 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. ఆయన అన్నదమ్ములు స్ప్రూ అనే జబ్బుతో చనిపోయారు. అది పేగులను పాడుచేసి, తిన్నది ఒంటికి పట్టనీయక, నెత్తురును హరించే జబ్బు. మద్రాసులో వైద్యం చదివి అమెరికా వెళ్ళిన సుబ్బారావు, 1945 నాటికి లెడర్లీ ప్రయోగశాలలో తన బృందంతో ఫోలిక్ ఆసిడ్‌ను తయారు చేయించాడు. అది స్ప్రూకు కూడా పనికివచ్చింది. 1948లో ఆయన చనిపోయాడు. ఇవాళ గర్భిణులకు ఇచ్చే మాత్రలో ఇనుముతో పాటు ఉండేది ఆ ఫోలిక్ ఆసిడే. ఆ మాత్ర చేతికిచ్చేటప్పుడు, దీని వెనుక మిల్లు కూలీ ఆడవాళ్ళ కష్టం, ఒక తెలుగువాడి శ్రమ ఉన్నాయని చెప్పగలిగితే ఎంత బాగుంటుంది.

కొడవలి ఆకారం

1904లో కరీబియన్ దీవి గ్రెనడా నుంచి వాల్టర్ క్లెమెంట్ నోయెల్ అనే నల్లజాతి యువకుడు దంతవైద్యం చదవడానికి అమెరికాలోని షికాగో వెళ్ళాడు. అతనికి దగ్గు, జ్వరం, ఒళ్ళు నొప్పులు, ఆయాసం. ఆసుపత్రిలో ఐరన్స్ అనే కుర్ర డాక్టరు అతని నెత్తురును సూక్ష్మదర్శినిలో చూశాడు. గుండ్రంగా ఉండాల్సిన ఎర్ర కణాలు కొన్ని కొడవలిలా వంగి ఉన్నాయి. ఆయన పైడాక్టరు హెరిక్ 1910లో ఈ సంగతి అచ్చు వేశాడు. నోయెల్ చదువు పూర్తి చేసి తన దీవికి తిరిగి వెళ్ళి దంతవైద్యుడిగా పనిచేశాడు. 1916లో, 32 ఏళ్ళకే చనిపోయాడు. ఈ జబ్బునే సికిల్ సెల్ అంటున్నాం. సికిల్ అంటే కొడవలి.

మామూలు ఎర్ర కణం దాదాపు 120 రోజులు బతుకుతుంది. కొడవలి కణం పది, ఇరవై రోజుల్లోనే నశిస్తుంది. అందుకే రక్తహీనత, కళ్ళు పచ్చబడటం. పైగా వంకర కణాలు సన్నటి రక్తనాళాల్లో అడ్డుపడతాయి. అక్కడ భరించలేని నొప్పి. చేతులు, కాళ్ళు, వెన్ను, కడుపు, ఎక్కడైనా రావచ్చు. పసిపిల్లలకు చేతులు, పాదాలు వాస్తాయి. 1949లో లైనస్ పౌలింగ్ బృందం దీనికి మూలం హిమోగ్లోబిన్‌లోనే ఉన్న తేడా అని చూపించింది. కొన్నేళ్ళకు ఇంగ్రామ్ ఆ తేడా ఎంత చిన్నదో చూపించాడు. పొడవాటి దండలో ఒకే ఒక్క పూస మారింది, అంతే.

అమెరికాలో చాలాకాలం దీన్ని నల్లవాళ్ళ నెత్తురులోని లోపంగా ప్రచారం చేశారు. 1952లో మన దేశం నుంచి రెండు వార్తలు వచ్చాయి. నీలగిరి కొండల ఆదివాసుల్లో లేమన్, కట్‌బుష్ ఈ కణాలను చూశారు. అదే ఏడాది ఎగువ అస్సాంలోని తేయాకు తోటల కూలీల్లో డన్‌లప్, మజుందార్ ఈ జబ్బును చూశారు. తర్వాత గుజరాత్, మహారాష్ట్ర, ఛత్తీస్‌గఢ్, ఒడిశాల నుంచి మన కోయ, గోండు జనాల దాకా చాలా ఆదివాసీ సముదాయాల్లో ఉందని తేలింది.

ఎందుకు? 1954లో ఆంథొనీ అల్లిసన్ తూర్పు ఆఫ్రికాలో పనిచేసి సమాధానం చెప్పాడు. తల్లి నుంచో తండ్రి నుంచో ఒక్క సికిల్ జన్యువు మాత్రమే వచ్చినవాళ్ళను వాహకులు అంటారు. వాళ్ళకు సాధారణంగా జబ్బు ఉండదు. పైగా చిన్నతనంలో ప్రాణాంతకమైన మలేరియా నుంచి వాళ్ళకు కొంత రక్షణ ఉంటుంది. మలేరియా ఎక్కువగా ఉన్న అడవుల్లో వేల ఏళ్ళు బతికిన జనాల్లో అందుకే ఆ జన్యువు నిలిచింది. ఇద్దరి నుంచీ రెండు జన్యువులు వచ్చిన బిడ్డకు మాత్రం జబ్బు వస్తుంది. కాబట్టి ఇది జాతి లోపం కాదు. శాపం కాదు, దేవత కోపం కాదు, చేతబడి అసలే కాదు. మన పూర్వీకులు మలేరియాతో చేసిన యుద్ధంలో మిగిలిన మచ్చ. ఈ ఒక్క ముక్క మన యువతకు గట్టిగా తెలియాలి.

తీసుకెళ్ళిన నెత్తురు, తిరిగి రాని ఫలితం

ఇక్కడ మనం ఒక ప్రశ్న అడగాలి. 1952లోనే ఆదివాసుల నెత్తురులో ఈ జబ్బు ఉందని తెలిసింది. ఆ తర్వాత దశాబ్దాల పాటు ఎందరో పరిశోధకులు మన గూడేలకు వచ్చారు. వేలు గుచ్చి నెత్తురు తీసుకున్నారు. పత్రికల్లో వ్యాసాలు వచ్చాయి. మన తెగల పేర్లతో పట్టికలు వచ్చాయి. ఆ పట్టికలో ఉన్న మనిషికి మాత్రం “నీకు ఇది ఉంది, ఇలా జాగ్రత్తపడు” అని చెప్పినవాళ్ళు తక్కువ. గుజరాత్ లాంటి కొన్ని రాష్ట్రాలు ముందుగా కార్యక్రమాలు మొదలుపెట్టాయి. దేశమంతటికీ జాతీయ సికిల్ సెల్ రక్తహీనత నిర్మూలన మిషన్ మొదలైంది 2023 జూలై 1న, మధ్యప్రదేశ్‌లోని శహడోల్‌లో. 40 ఏళ్ళలోపు ఏడు కోట్ల మందిని పరీక్షించాలని, 2047 నాటికి జబ్బును నిర్మూలించాలని దాని లక్ష్యం. మంచి పనే. కానీ 1952 నుంచి 2023కు 71 ఏళ్ళు. మన తాతల కాలంలో తెలిసిన సంగతి మన పిల్లల కాలానికి గూడేనికి చేరింది.

ఈలోగా ఏం జరిగింది? 1970లో దేశంలో రక్తహీనత నివారణ కార్యక్రమం మొదలైంది. ఐరన్, ఫోలిక్ ఆసిడ్ మాత్రలు ఇచ్చారు. 2018లో ‘అనీమియా ముక్త్ భారత్’ పేరుతో దాన్ని విస్తరించారు. ఇనుము చాలని లక్షలాది మందికి అది మేలే. కానీ “రక్తం తక్కువ” అనే ఒకే మాట, దానికి ఒకే మాత్ర అనే పద్ధతిలో సికిల్ సెల్ బిడ్డలు కనపడకుండా పోయారు. వాళ్ళకు ఎన్ని ఐరన్ మాత్రలు మింగించినా ఆ జబ్బు తగ్గదు. మాటిమాటికీ నెత్తురు ఎక్కించుకున్న వాళ్ళ ఒంట్లో ఇనుము ఇప్పటికే పేరుకుని ఉంటే, ఇంకా ఇవ్వడం చేటు కూడా చేస్తుంది. ఇనుము లోపం ఉందని పరీక్షలో తేలితేనే వాళ్ళకు ఐరన్. వాహకులు మాత్రం అందరిలాగే ఐరన్ మాత్ర వేసుకోవచ్చు.

ఇప్పుడు మనం చేయగలిగింది

చరిత్ర తెలుసుకోవడం ఊరికే కాదు. అది ఇవాళ్టి పనికి దారి చూపాలి. ముందుగా పరీక్ష. హిమోగ్లోబిన్ ఎంతో చూపించుకోవడం మొదటి మెట్టు. సికిల్ సెల్‌కు తొలి పరీక్షగా చేసే సాల్యుబిలిటీ పరీక్షలో సికిల్ ఉందా లేదా అనే తెలుస్తుంది. వాహకుడా, రోగా అన్నది తెలియదు. దానికి హెచ్.పి.ఎల్.సి. లాంటి రెండో పరీక్ష కావాలి. కార్డు రాసి ఇచ్చేటప్పుడు ఏ పరీక్ష చేశారో అడగండి. అడగడం మన హక్కు.

ఇనుము లోపమైతే మాత్ర రోజూ, కనీసం మూడు నెలలు వాడాలి. హిమోగ్లోబిన్ పెరిగిందని మధ్యలో మానేస్తే ఒంట్లో నిల్వ నిండదు. మలం నల్లగా వస్తుంది, భయపడక్కర్లేదు. వికారంగా ఉంటే అన్నం తిన్నాక వేసుకోవచ్చు. టీతో వేసుకోవద్దు. గర్భిణికి 7 గ్రాముల కంటే తగ్గితే ఇంట్లో ఉంచకూడదు, ఆసుపత్రికి తీసుకెళ్ళాలి.

సికిల్ సెల్ జబ్బు ఉన్నవాళ్ళు ఫోలిక్ ఆసిడ్ వాడాలి, నీళ్ళు బాగా తాగాలి, చలిలో తడవకూడదు, శక్తికి మించి శ్రమ చేయకూడదు. జ్వరం వస్తే ఆ రోజే ఆసుపత్రికి వెళ్ళాలి. చిన్నపిల్లలకు పెన్సిలిన్, టీకాలు ప్రాణం కాపాడతాయి. హైడ్రాక్సీయూరియా అనే మందు నొప్పుల దాడులను తగ్గిస్తుందని 1995లో పెద్ద పరీక్షలో రుజువైంది. దాన్ని డాక్టరు పర్యవేక్షణలో, రక్తపరీక్షలు చేయించుకుంటూ వాడాలి. గర్భం ధరించాలనుకునే వాళ్ళు ముందే డాక్టరుకు చెప్పాలి. 2016 దివ్యాంగుల హక్కుల చట్టంలో సికిల్ సెల్ జబ్బును కూడా చేర్చారు. అర్హత ఉన్నవాళ్ళు ధ్రువపత్రం కోసం దరఖాస్తు చేసుకోవచ్చు.

పెళ్ళి సంగతి సున్నితమైనది, అయినా మాట్లాడాలి. ఇద్దరు వాహకులు పెళ్ళి చేసుకుంటే ప్రతి కాన్పులోనూ బిడ్డకు జబ్బు వచ్చే అవకాశం నాలుగింట ఒక వంతు. మేనరికాలు ఎక్కువగా ఉన్నచోట ఇద్దరూ వాహకులయ్యే అవకాశం పెరుగుతుంది. సంబంధం ఖాయం కాకముందే ఇద్దరూ పరీక్ష చేయించుకుంటే మంచిది. అంతేగానీ కార్డు చూసి ఆడపిల్లను వెనక్కి నెట్టడం తప్పు. జన్యువు మగవాడి నుంచి కూడా అంతే సమానంగా వస్తుంది. వాహకురాలు సికిల్ జన్యువు లేని వాడిని చేసుకుంటే పిల్లలకు సాధారణంగా ఈ జబ్బు రాదు.

ఉపాధ్యాయ మిత్రులకు ఒక మాట. ప్రార్థన వరుసలో నిలబడలేక కూర్చుండిపోయే పిల్లాడు, చలికాలంలో కీళ్ళు పట్టుకుని ఏడ్చే పిల్ల, ఆటల పీరియడ్‌కు రానని మొండికేసే పిల్లాడు మన ప్రతి ఆశ్రమ పాఠశాలలోనూ ఉంటారు. వాళ్ళను బద్ధకస్తులని అనే ముందు హిమోగ్లోబిన్ ఎంత, సికిల్ పరీక్ష అయిందా అని ఒక్కసారి చూడండి. ఆ పిల్లలను నీళ్ళు తాగడానికి, ఒంటికి వెళ్ళడానికి ఆపకండి. వాళ్ళ పరీక్ష ఫలితం తరగతిలో అందరి ముందూ చదవకండి. అది ఆ కుటుంబానిది.

యువతకు ఇంకో మాట. ఇకమీదట మన గూడేనికి ఎవరు వచ్చి నెత్తురు అడిగినా ఇవ్వండి, పరీక్షలకు భయపడకండి. కానీ రెండు ప్రశ్నలు అడిగి ఇవ్వండి: “ఇది దేనికి? ఫలితం మాకు ఎప్పుడు చెబుతారు?” డెబ్బై ఏళ్ళ కిందట మన తాతలను ఈ ప్రశ్నలు అడగనివ్వలేదు. చదువుకున్న మనం అడగగలం. నెత్తురు ఇచ్చిన ఇంటికి ఫలితం వచ్చేదాకా, ఫలితం వచ్చిన ఇంటికి మందు అందేదాకా వెంటపడటమే మన తరం పని.